ఏడో పని దినం

ప్రొద్దుటూరులో ఆ మేడకు కింద చీరల అంగడికి బోర్డుంది, మొదటి అంతస్తులో పళ్ల డాక్టరుకు బోర్డుంది. రెండో అంతస్తులోని సర్కారు ఆఫీసుకు మాత్రం లేదు. మెట్ల మీద ఎవరైనా "పైన ఏముందమ్మా?" అని అడిగితే "డేటా ఎంట్రీ" అని చెప్పడం ప్రశాంతికి మూడేళ్లుగా అలవాటైపోయింది. పూర్తిగా అబద్ధమూ కాదు. జనం ఫోన్లలో మాట్లాడుకున్నది హెడ్‌ఫోన్లు తగిలించుకుని విని, ఇంగ్లీషులో టైపు చేయడం ఆమె పని. కోస్తా నుంచి బదిలీ మీద వచ్చే ఇన్‌స్పెక్టర్లకు సీమ మాట సగం బోధపడదు. అందుకని కాంట్రాక్టు మీద ఒక మనిషిని పెట్టుకున్నారు. ఇక్కడ విన్నది బయట చెప్పనని మొదటి రోజే ఆమె చేత సంతకం చేయించుకున్నారు.

తలుపు పక్కన గోడకు గళ్లుగళ్లుగా ఒక చెక్క అర ఉంది. ఎవరి సెల్‌ఫోను వాళ్లు దాంట్లో పెట్టి లోపలికి పోవాలి. ఊరందరి ఫోన్లూ వినే చోట సొంత ఫోను పనికిరాదు.

ఆ శుక్రవారం పొద్దున సీనియర్ అసిస్టెంటు గంగాధరం ఆమె బల్ల మీద ఒక కవరు పెట్టాడు. ఆయన బంగారు అంగళ్ల వీధి మనిషి. అన్నదమ్ములు గద్దె మీద కూర్చుని నగలమ్ముతుంటే ఈయన సర్కారు కుర్చీ పట్టుకుని ముప్పై నాలుగేళ్లు గడిపాడు. ఇంకో ఏడాదిలో రిటైరు. వచ్చిన ప్రతి నంబరునూ రిజిస్టరులో ఎక్కించి, స్కేలు ఆనించి, కింద ఎర్ర సిరాతో ఒక గీత గీయందే ఆయనకు ముద్ద దిగదు.

"కొత్తది పాపా. అత్యవసరం కింద వచ్చినాది. ఆర్డరు సోమవారం. మర్నాటి నుంచి లెక్కేస్తే ఇయ్యాల నాలుగో పని దినం. శని, ఆదివారాలు లెక్కలోకి రావు" అన్నాడు.

ఆ లెక్క ప్రశాంతికి తెలిసిందే. మామూలుగా అయితే ఒకరి ఫోను వినాలంటే ముందు రాష్ట్ర హోం సెక్రటరీ సంతకం కావాలి. అంత తీరిక లేదనుకున్నప్పుడు ఐజీ స్థాయి అధికారి ఆర్డరిచ్చి వినడం మొదలుపెట్టించవచ్చు. కానీ ఏడు పని దినాల్లోపల హోం సెక్రటరీ దాన్ని ఖరారు చేయాలి. చేయకపోతే వినడం ఆపేయాలి. అప్పటిదాకా విన్నది దేనికీ వాడకూడదు, రెండు రోజుల్లో నాశనం చేయాలి. ఈ రూలు ఆమె ఎన్నోసార్లు టైపు చేసింది. ఖరారు కాకుండా ఆగిపోయిన ఆర్డరును మాత్రం ఒక్కటీ చూడలేదు.

కవరు చింపి నంబరు చదివింది. మళ్లీ చదివింది. ఆ నంబరుకు నెలనెలా రీచార్జి చేసేది తనే. సిమ్ము చనిపోయిన మామ యేసురత్నం పేరు మీద ఉంది. వాడేది మేనత్త జ్ఞానమ్మ. ఆమె కొండాపురం దగ్గర పునరావాస కాలనీలో ఉంటుంది. ప్రశాంతికి అన్నం పెట్టి, జడ వేసి, బడికి పంపిన మనిషి.

ఆర్డరులో కారణం మూడు పంక్తులు. వచ్చే నెల ఒక మంత్రి గండికోట జలాశయం చూడ్డానికి వస్తాడు. ఇళ్ల స్థలాలు అందని మునక గ్రామాలవాళ్లు రోడ్డుకు అడ్డం కూర్చోవచ్చని సమాచారం. గ్రామసభలో లేచి మాట్లాడి, అర్జీలో మొదటి సంతకం పెట్టిన ఈ నంబరు మనిషి మీద అనుమానం. వెనక ఇంకో జాబితా జత చేసి ఉంది. బుధవారం పొద్దున ఆరు నుంచి గురువారం పొద్దున ఆరు దాకా, సరిగ్గా గంటకొకటి చొప్పున ఇరవై నాలుగు మిస్డ్ కాల్స్. మాట్లాడిన సమయం సున్నా. ఒకరు ఇంకొకరికి, ఆ ఇంకొకరు మరొకరికి. టవర్లు కొండాపురం, పెద్దముడియం, జమ్మలమడుగు, పులివెందుల, తుమ్మలపల్లె. సిమ్ములన్నీ కొడుకుల పేర్ల మీద, అల్లుళ్ల పేర్ల మీద ఉన్నాయి. రెండు మాత్రం సిమ్ములమ్మే నయీం అనే అంగడివాడి పేరు మీదే ఉన్నాయి. వాడేది ఎవరో తెలియదు. అంచున ఇన్‌స్పెక్టరు కృష్ణచైతన్య ముద్దుగా ఉండే దస్తూరీతో "రహస్య సంకేతం?" అని రాశాడు.

ప్రశాంతికి నవ్వొచ్చింది. అది గొలుసు ప్రార్థన. ఇరవై నాలుగు మంది ఆడవాళ్లు, తలా ఒక గంట. తన గంట కాగానే తర్వాతి మనిషికి ఒక్క రింగిచ్చి కట్ చేయాలి. దుడ్లు ఖర్చు కాకుండా "నాదైంది, నీది మొదలు" అని చెప్పడం అన్నమాట. చర్చి సంఘంలో చిన్నపిల్లలకు కూడా తెలుసు. తెలియంది ఈ మేడ మీదివాళ్లకే.

హెడ్‌ఫోన్లు తగిలించుకుని విన్నది. అత్త గొంతు ఆమె చెవిలోనే మోగింది. పాత ఊళ్లో పక్కింటి దిల్షాద్‌బీతో సొరవిత్తుల గురించి పదకొండు నిమిషాలు మాట్లాడింది. పుంజును కోయాలా వద్దా అని ఇంకో ఆరు నిమిషాలు. ప్రశాంతి అక్షరం వదలకుండా టైపు చేసి, కింద "ఆక్షేపించదగినది లేదు" అని రాసింది. అత్త మాటలను అట్లా ఇంగ్లీషులో చూస్తుంటే, ఆమె పెట్టె తెరిచి బట్టలు కెలికినట్టుగా సిగ్గేసింది.

ఆదివారం జమ్మలమడుగులో బస్సు మారి కాలనీకి పోయింది. ఆరాధన అయిపోయి జనం వెళ్లిపోతున్నారు. రేకుల గుడి లోపల జ్ఞానమ్మ చాప చుడుతూ ఉంది.

"యాడుండావే ఇన్ని దినాలు? ఎండుకపొయ్‌నావు చూడు. ఆ మేడ మీద అన్నం పెట్టరా?"

"పనుండాది అత్తా" అంది ప్రశాంతి నెమ్మదిగా. కిటికీ గట్టు మీద అత్త బటన్ల ఫోను ఉంది. మాట్లాడనప్పుడు అది ఏమీ వినదని తనకు తెలుసు. అయినా గొంతు పైకెత్తలేదు.

"ఏందే ఆ గుసగుసలు? దొంగతనం చేసొచ్చినావా?" అని జ్ఞానమ్మ నవ్వింది.

గోడకు టీవీ డబ్బా అట్ట ఒకటి మేకులు కొట్టి ఉంది. దాని మీద స్కెచ్ పెన్నుతో ఇరవై నాలుగు గళ్లు. గడి గడికీ గంట, పేరు, ఫోను నంబరు. అట్ట కింద ప్రార్థన అంశాలు రాసి ఉన్నాయి. వాన, ఇళ్ల స్థలాలు, రోగులు, అధికారులు. ఆ ఇరవై నాలుగు మందీ ఒకప్పుడు మూడు వీధుల్లో ఉండేవాళ్లు. ఊరు నీళ్లలోకి పోయాక ఒకామె పెద్దముడియంలో కూతురింట్లో చేరింది, ఒకామె తుమ్మలపల్లెలో గని పనికి పోయే కొడుకు దగ్గర, ఇద్దరు పులివెందులలో. దేవుణ్ణి నమ్మినా నమ్మకపోయినా ఊరి ఆడవాళ్లన్నాక గొలుసులో ఉండాల్సిందే. ఆ ఊరు ఇప్పుడు బతికి ఉండేది బుధవారం నాడే, అదీ గంటకొక ఇంట్లో.

"మంత్రి వస్తాండాడంట గదా. ఆయప్ప మేలు కోసరం గూడా చేస్తాండాం. మనసు మెత్తబడితే స్థలాలు ఇస్తాడేమో" అంది జ్ఞానమ్మ. తర్వాత ఒక తెల్ల కాగితం ముక్కకు గంజి పూసి, మధ్యాహ్నం పన్నెండు నుంచి ఒంటిగంట గడిలోని పెంచలమ్మ పేరు మీద అంటించింది. "పెంచలమ్మకు కాళ్లు నీరు పట్టినాయి. తుమ్మలపల్లెలో మంచం దిగలేకుండా ఉండాది. ఈ బుధవారం నుంచి ఆ గంట నువ్వు పట్టుకో."

"నాకు ఆఫీసు అత్తా."

"కండ్లు మూసుకోమని ఎవురు చెప్పినారు? టైపు కొడ్తానే చేసుకో. పన్నెండుకు నీకు రింగొస్తాది. ఒంటిగంటకు పులివెందుల బ్లెస్సీకి నువ్వియ్యి. పంతొమ్మిదేండ్లయింది, ఒక్క గంట తెగలేదు. ఊరు మునిగిన దినం గూడా తెగలేదు. నీ పేరు రాసుకో."

"రాస్తాలే" అంది ప్రశాంతి. రాయలేదు. అత్త సంగటి కెలకడానికి పోయినప్పుడు అట్టను ఫోటో తీసుకుంది.

"అత్తా, నీ ఫోను వింటాండారు" అన్న మాట నాలుక చివరిదాకా వచ్చింది. సంగటి ముద్దతో పాటు మింగేసింది. చెబితే ఉద్యోగం పోతుంది, కేసవుతుంది. అంతకంటే పెద్ద భయం ఇంకొకటి ఉంది. అత్త రాత్రికల్లా ఊరందరికీ ఆ ఫోన్లోనే చెబుతుంది.

సోమవారం కృష్ణచైతన్య గది తలుపు ఓరగా తీసి ఉంది. ఆయన ఎన్నడూ అరిచే మనిషి కాదు. చల్లగా మాట్లాడతాడు, అందరినీ గారు అంటాడు. ఫోనులో ఎవరితోనో "వేరే దారి లేకపోతే ఆ ముసలావిడను జమ్మలమడుగు స్టేషన్‌కి పిలిపిద్దామండీ. నాలుగు గంటలు కూర్చోబెడితే అన్నీ చెబుతుంది" అంటున్నాడు. ఫైలు చేతిలో పట్టుకుని తలుపు బయట నిలబడిన ప్రశాంతి లోపలికి పోకుండానే వెనక్కి తిరిగింది. అత్తకు అరవై ఎనిమిదేళ్లు. స్టేషను మెట్లు ఎక్కిన మనిషి కాదు.

మధ్యాహ్నం గంగాధరం క్యారియరు విప్పుతుంటే ఆయన ముందు కూర్చుంది.

"సార్, మనం వినేదంతా సరైందా కాదా అని ఎవురూ చూడరా?"

"చూస్తారు. రెండు నెల్లకోసారి కమిటీ కూచుంటాది, చీఫ్ సెక్రటరీ ఉంటాడు దాంట్లో. ఆర్డరు రూలు ప్రకారం ఉందా, సంతకాలు ఉన్నాయా, తేదీలు కుదిరినాయా అని చూస్తారు."

"ఆ ఫోను మనిషిని అడగరా?"

"ఆ మనిషికి తెలిస్తే గదా అడిగేది. కాగితం చూస్తారు పాపా. కాగితంలో ఉండే మనిషిని ఎవురూ పిలవరు." ఆయన మూత మీద పచ్చడి వేసుకుంటూ ఆమె మొహం వైపు ఒకసారి చూశాడు. "నీకెందుకివన్నీ? టైపు కొట్టు. విన్నది రాయి, విననిది రాయొద్దు. బుధవారం దాకా ఈ ఫైలు గురించి ఎవురి దగ్గరా నోరు తెరవగాకు."

ముప్పై నాలుగేళ్లు కుర్చీకి అతుక్కుపోయిన మనిషి ఇంకేం చెబుతాడు అనుకుంది ప్రశాంతి. పిరికితనానికి కూడా తేదీ పెట్టాడే అని ఒళ్లు మండింది. ఇంటికి పోయి, ఒక తెల్ల కాగితం తీసుకుని, ఫోటో చూస్తూ గళ్లు గీసింది. గంటలు, పేర్లు, నంబర్లు, ఎవరు ఎక్కడ ఉంటున్నారో అన్నీ గుండ్రటి అక్షరాలతో రాసింది. పన్నెండు నుంచి ఒంటిగంట గడి మాత్రం ఖాళీగా వదిలింది. అది తనది కదా అనుకుంది. గుడి గోడకు మేకులు కొట్టి పెట్టుకున్న దాన్ని ఎవరు రహస్యమంటారు? నిజం చెప్పడానికి భయమెందుకు?

మంగళవారం ఆ కాగితం కృష్ణచైతన్య బల్ల మీద పెట్టింది. ఆయన కుర్చీ చూపించాడు, టీ తెప్పించాడు. ఆమె చెప్పిందంతా చివరిదాకా విన్నాడు.

"మంత్రిగారి కోసం కూడా ప్రార్థన చేస్తున్నారు సార్. అట్ట కింద రాసి ఉంది, ఎవరైనా పోయి చూడొచ్చు. ఎవరికీ అపకారం తలపెట్టేవాళ్లు కాదు."

"మీకింత వివరంగా ఎలా తెలుసమ్మా?"

"జ్ఞానమ్మ మా మేనత్త సార్."

ఆయన కలం తీసి పక్కనున్న కాగితం మీద అది రాసుకున్నాడు. "దాచకుండా చెప్పారు. దీనికి చాలా ధైర్యం కావాలి. మీరు చెప్పింది నేను నమ్ముతున్నాను ప్రశాంతిగారూ. పూర్తిగా నమ్ముతున్నాను."

ఆమెకు ఏడుపు ఆగలేదు. కొంగుతో మొహం తుడుచుకుని బయటికి వచ్చింది. ఆ సాయంత్రం వారం రోజుల తర్వాత ఆకలేసి, రోడ్డు పక్కన ఎర్రకారం దోసెలు రెండు తిన్నది. ఇంత మంచి అధికారిని ఊరకే అనుమానించామే అని తనను తనే తిట్టుకుంది.

బుధవారం ఆమె వచ్చేసరికి గంగాధరం అప్పటికే వచ్చి ఉన్నాడు. కాగితాలు ముక్కలు చేసే మిషను మీద దుమ్ము తుడిచి, ప్లగ్గు పెట్టి, కింద కొత్త సంచి తగిలించాడు. బల్ల మీద ఒక ధ్రువపత్రం టైపు చేసి ఉంది. ఫలానా నంబరుకు సంబంధించిన రికార్డులన్నీ రూలు ప్రకారం నాశనం చేశామని. తేదీ ఒక్కటే ఖాళీ. ప్రశాంతికి మనసు తేలికైంది. నిన్న తను చెప్పిన మాట పనిచేసిందన్నమాట.

పదకొండున్నరకు కంప్యూటరులో ఏదో వచ్చింది. గంగాధరం చదివాడు. కళ్లజోడు తీసి బల్ల మీద పెట్టి, మళ్లీ తగిలించుకుని చదివాడు.

"ఖరారు చేసినారు" అన్నాడు.

"ఏంది సార్?"

"ఆయమ్మ నంబరు. అరవై దినాలు." ధ్రువపత్రాన్ని రెండు మడతలు పెట్టాడు. "సోమవారం పైనుంచి వాపసు వచ్చింది ఈ ఫైలు. ఈ నంబర్లు వాడేది ఎవరు, వీళ్లలో వీళ్లకు సంబంధమేంది, అది చెప్పకుంటే ఖరారు చేయలేమని. ఇన్‌స్పెక్టరు దగ్గర ఆయమ్మది తప్ప ఇంకో పేరు లేదు. ఈ సాయంత్రం అయిదు కొడితే ఏడో పని దినం అయిపోయేది. దానంతటదే సచ్చిపోయేది. ముప్పై నాలుగేండ్లలో ఒక్కటన్నా అట్ల పోతే చూడాలని పొద్దున్నే వచ్చి కూచున్నా." ఆయన తల ఊపాడు. "నిన్న ఎవురో పేర్లన్నీ తెచ్చిచ్చినారు. గంటతో సహా, ఊరితో సహా."

ప్రశాంతి బల్ల అంచు పట్టుకుని నిలబడింది. గంగాధరం ఆమె మొహం చూసి అర్థం చేసుకున్నాడు.

"నువ్వా పాపా?"

"ఆయమ్మ మా మేనత్త సార్. స్టేషనుకు పిలిపిస్తా అన్నాడు. భయపడి..."

"పిలిపించలేడు తల్లీ. పిలిస్తే ఫోను వింటాండామని ఒప్పుకున్నట్టే గదా. ఉత్త మాట అది." ఆయన మడత పెట్టిన ధ్రువపత్రాన్ని సొరుగులో పెట్టాడు. "వాపసు వచ్చిన సంగతి నీకు చెప్పి ఉంటే సరిపోయేది. చెప్పనని సంతకం పెట్టినా. నువ్వూ పెట్టినావు."

ఇద్దరూ రూలు తప్పలేదు. అందుకే ఇట్లా అయింది.

ఆమె తలుపు తట్టకుండానే కృష్ణచైతన్య గదిలోకి పోయింది. "నమ్మినానన్నారు కదా సార్" అంది.

"ఇప్పటికీ నమ్ముతున్నానమ్మా" అన్నాడాయన నిదానంగా. "అది ప్రార్థనే. కానీ పైసా ఖర్చు లేకుండా, ఐదు మండలాల్లో ఇరవై నాలుగు ఇళ్లను గంట తప్పకుండా లేపగలుగుతున్నారు చూడండి. అది ఈరోజు ప్రార్థనకు పనికొచ్చింది. రేపు రోడ్డు మీద కూర్చోడానికి పనికిరాదని నేను రాసివ్వలేను కదా. మంత్రిగారు వచ్చే ముందు రోజు వీళ్లందరినీ జమ్మలమడుగులో బైండోవరు చేయించి పంపిస్తారు. పూచీకత్తు రాయించుకుని వదిలేస్తారు, అంతే. కొట్టరు, తిట్టరు." ఒక కాగితం ఆమె వైపు జరిపాడు. "మిగతా నంబర్లకు కొత్త ఆర్డరు. జాబితా మీరే టైపు చేసిపెట్టండి, పేర్లు తప్పు పోకుండా ఉంటాయి. మీ పట్టికలో ఒక గడి ఖాళీగా ఉంది. పన్నెండు నుంచి ఒంటిగంట. పోయిన బుధవారం తుమ్మలపల్లె టవరు నంబరు అది. ఎవరిదో కనుక్కుని పూర్తి చేసి, రెండింటికల్లా సంతకానికి పెట్టండి."

ఆమె కాగితం తీసుకుని వచ్చి తన కుర్చీలో కూర్చుంది. టైపు చేయడం మొదలుపెట్టింది. ఒక్కొక్క పేరూ కొడుతుంటే ఒక్కొక్క మొహం ఎదురుగా వచ్చి నిలబడింది. తనకు చీమిడి తుడిచిన చేతులు, పండక్కి బొరుగుల ముద్దలు పెట్టిన చేతులు. ఆ మొహాలన్నీ స్టేషను అరుగు మీద వరసగా కూర్చుని ఉన్నట్టు కనపడ్డాయి. తనమీద తనకు అసహ్యం పుట్టింది. చేసిందంతా తన చేతులారా చేసింది.

సరిగ్గా పన్నెండుకు తలుపు దగ్గర చెక్క అరలో ఒక ఫోను ఒక్కసారి మోగి ఆగిపోయింది. లోపలున్నవాళ్లెవరూ తల ఎత్తలేదు. గంగాధరం ఒక్కడే ఎత్తాడు.

ప్రశాంతి గంట మొదలైంది. ఆమె కళ్లు మూసుకోలేదు. టైపు కొడుతూనే ఉంది. పెదవులు మాత్రం కదిలాయి. వాన, ఇళ్ల స్థలాలు, రోగులు. పెంచలమ్మ కాళ్లు. నాలుగో అంశం దగ్గర ఆగింది. అధికారులు. ఆ మాట చాలాసేపటికి గానీ దాటలేదు.

అత్త పేరు కాక ఇరవై రెండు పేర్లు అయ్యాయి. ఖాళీ గడి ముందు కర్సరు కొట్టుకుంటూ ఉంది. పెంచలమ్మ అని నాలుగక్షరాలు కొడితే పని అయిపోతుంది. ఊరు, కొడుకు పేరు, ఇల్లు, అన్నీ తనకు తెలుసు. మంచం దిగలేని మనిషిని కూడా ఆటోలో వేసుకుని జమ్మలమడుగు తెస్తారు.

ఒంటిగంటకు రెండు నిమిషాలుందనగా లేచింది. తలుపు దగ్గరికి పోయి, అరలోంచి తన ఫోను తీసింది. ఇప్పుడు రింగివ్వకపోతే తన నంబరుకు ఒక కాలు వచ్చిందన్నంత వరకే ఉంటుంది, తను ఈ లెక్కలోంచి తప్పించుకోవచ్చు. కానీ గొలుసు తెగుతుంది. పంతొమ్మిదేళ్లలో మొదటిసారి, తన చేతిలో. పులివెందులలో బ్లెస్సీ ఫోను ఒళ్లో పెట్టుకుని చూస్తూ ఉంటుంది.

గోడ గడియారం ఒంటిగంట చూపించింది. ప్రశాంతి నంబరు నొక్కింది. ఒక్క రింగు పోనిచ్చి కట్ చేసింది. ఫోను మళ్లీ అరలో పెట్టి, వచ్చి కూర్చుని, పన్నెండు నుంచి ఒంటిగంట గడిలో తన పేరు, తన తండ్రి పేరు, తన నంబరు టైపు చేసింది. తుమ్మలపల్లె నంబరు తీసేసి, ప్రింటు తీసి, "ఈ గంట నాది" అని పక్కన కలంతో రాసి సంతకం పెట్టింది.

కాగితం తీసుకుపోయి గంగాధరం బల్ల మీద పెట్టింది. ఆయన రిజిస్టరు తెరిచి ఇరవై రెండు నంబర్లూ ఎక్కించాడు. ఒక్కొక్కదాని కిందా స్కేలు ఆనించి ఎర్రగీత గీశాడు. చివరి దాని దగ్గరికి వచ్చాక పేరు చదివి, ఆమె వైపు చూశాడు. ఆమె చూపు తిప్పుకోలేదు. ఆయన నంబరు రాశాడు. ఎర్ర కలం మూత పెట్టి జేబులో పెట్టుకున్నాడు. దాని కింద గీత గీయలేదు.